ముల్లు ఎక్కడ నిలువవలెను?
ఇంజను మార్చిన పాత ట్రక్కులో ఇగ్నిషన్ టైమింగ్

తెలుగులో ముల్లు అనే మాటకు కంటకం అని మాత్రమే గాక త్రాసు నడుమ నిలిచే సూచిక అనీ, గడియారపు సూచిక అనీ కూడా అర్థాలు కలవు. ఉర్దూలో ‘కాంటా’ అనే మాట కూడా ఇదే తీరున చెట్టు ముల్లుకూ త్రాసు ముల్లుకూ చెల్లుతుంది. మన సంతలలో తూకపు సాధనాన్ని కాటా అనడం ఆ మాట చలవే. ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన ముల్లు వీటన్నిటికీ దగ్గరి చుట్టం. అది పెట్రోలు ఇంజను ముందు భాగంలోనో, వెనుక ఫ్లైవీలు దగ్గరనో ఉండి, ప్లగ్గులో నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టవలెనో చూపే చిన్న ఇనుప మొన. షెడ్లలో దీనిని టైమింగ్ పాయింటర్ అంటారు.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ఇంజనులతో ఏమి పని అని కమిటీ పెద్దలు నవ్వుకొనవచ్చును. మా తరగతులలో కూర్చునే పిల్లలలో కొందరు సెలవులలో మోటారు షెడ్లలో పని నేర్చుకొనేవారు. వారి చేతికి తెలిసిన సంగతిని పుస్తకపు లెక్కతో కలిపి చూపడం కళాశాలకు తగని పని కాదని మా అభిప్రాయం. పైగా నర్సీపట్నం దాటి చింతపల్లి వైపు పోయే ఘాటు రోడ్డు మీద ఈ మొన తప్పు చూపితే, దాని ఫలితం అనుభవించేది బండిలో ఉన్నవారు.

నర్సీపట్నం మైదానానికీ మన్యానికీ గుమ్మం వంటి ఊరు. 2022లో ఇది అనకాపల్లి జిల్లాలో చేరినది. ఇక్కడ నుండి లంబసింగి చేరవలెనంటే బండి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తుకు ఎక్కవలెను. (ఈ ప్రాంతపు రోడ్ల పనిలో గిరిజనులు పడిన వెట్టిబాధ 1922 నాటి మన్యం తిరుగుబాటుకు గల కారణాలలో ఒకటని చరిత్ర విద్యార్థులకు గుర్తు చేయనక్కరలేదు.) ఇటువంటి ఎక్కుడు రోడ్ల మీద జీపుకు దక్కిన పరువు మరొక బండికి దక్కలేదు. మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టినారు. 1960వ దశకంలో అదే జాతి పెట్రోలు ఇంజనుతో ఎఫ్.సి.150 అనే చిన్న ట్రక్కును కూడా తయారుచేసినారు. అంతకుముందే ఫార్గో, డాడ్జి, షెవర్లే పెట్రోలు లారీలు దేశమంతటా తిరిగినవి. డీజిలు వచ్చి వీటి నన్నిటినీ ప్రక్కకు నెట్టినది. నేడు మిగిలినవి ఇష్టపడి నిలుపుకొన్నవారి దగ్గర మాత్రమే ఉన్నవి. వాటిలో పుట్టినప్పటి ఇంజనుతోనే నడిచేవి ఇంకను అరుదు. బ్లాకు పగిలినదనో, బోరు అరిగినదనో మరొక బండి ఇంజనును తెచ్చి బిగించినవే ఎక్కువ.

అటువంటి ట్రక్కు ఒకటి షెడ్డుకు వచ్చినదనుకొందాం. బ్లాకు ఒక జీపుది. ముందు కవచం మరొక ఇంజనుది. పుల్లీ పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికినది. క్లచ్ హౌసింగ్ మాత్రం ట్రక్కుది. ఇంజను తిరుగుతున్నది గాని లాగడం లేదు. రేడియేటరు మరిగిపోతున్నది. మెకానిక్ టైమింగ్ చూడబోతే పుల్లీ మీద ఒక గంటు ఉన్నది, కవచం మీద ముల్లు లేదు. లేదా ముల్లు ఉన్నది గాని ఆ గంటు దానికి ఎదురుగా వచ్చినప్పుడు పిస్టన్ పైన ఉండడం లేదు. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ‘దీనికి సరియైన పాయింటర్ ఎక్కడ దొరుకుతుంది?’ అని. మా దృష్టిలో ఈ ప్రశ్న అడగడంలోనే సగం చిక్కు ఉన్నది.

ఎందువలన? ఒక త్రాసు ముల్లును ఊడదీసి మరొక త్రాసుకు బిగిస్తే అది తూకం చెప్పగలదా? ముల్లుకు తనంతట తానుగా సత్యం లేదు. తన ఎదుటి గీతతో దానికి గల సంబంధమే దాని సత్యం. ఇంజనులో పుల్లీ మీది గంటు, కవచం మీది ముల్లు, క్రాంక్ షాఫ్ట్‌లో పుల్లీని నిలిపే తాళపుచీల గాడి, ఈ మూడూ ఒకే కర్మాగారంలో ఒకే కొలతకు చేసినప్పుడు మాత్రమే అవి ఒక మాట చెబుతవి. వేర్వేరు బండ్ల నుండి వచ్చి కలిసినప్పుడు, చూపుకు చక్కగా అమరినా సరే, అవి చెప్పేది ఎవరి మాటా కాదు.

కర్మాగారాలు ఈ గుర్తులను ఎన్ని చోట్ల పెట్టినవో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులో గుర్తులు వెనుక ఫ్లైవీలు మీద ఉండేవి. క్లచ్ హౌసింగ్ ప్రక్కనున్న చిన్న కిటికీ తెరచి చూడవలెను. అదే వంశంలోని తరువాతి ఇంజనులలో గుర్తు ముందుకు వచ్చి పుల్లీ మీద గంటుగా, కవచం మీద మొనగా మారినది. ఆ వంశంలోనే ముందు కొన్నిటికి టైమింగ్ గొలుసు, తరువాతి వాటికి గేర్లు ఉండడం వలన ముందు కవచాలు కూడా ఒకటి కావు. షెవర్లే పాత ఆరు సిలిండర్ల ఇంజనులో ఫ్లైవీలులో ఒక చిన్న ఉక్కు గుండు పొదిగి ఉండేది. కిటికీలోని మొనకు ఎదురుగా ఆ గుండు వచ్చినప్పుడు పిస్టన్ శిఖరానికి 5 డిగ్రీల దూరంలో ఉన్నదని అర్థం. శిఖరానికి వేరే గుర్తు ఉండేది. ఈ సంగతి ఎరుగక గుండునే శిఖరంగా భావించి, అక్కడ నుండి మరల 5 డిగ్రీలు లెక్కించినవాడు ఇంజనుకు 10 డిగ్రీలు కట్టినట్లు! ఫార్గో, డాడ్జి ఆరు సిలిండర్ల ఇంజనులలో గుర్తులు ముందు పుల్లీ మీదనే ఉండేవి. దానికి తోడు ఆరవ సిలిండరు తలపై ఒక చిన్న బిరడా ఉండేది. అది విప్పి సన్నని కడ్డీని దించితే పిస్టన్ ఎక్కడ ఉన్నదో చేతికే తెలుస్తుంది. ఆ ఇంజను రూపకర్తలు గుర్తును నమ్మినారు గాని, గుర్తు చెరిగిపోయే రోజును కూడా ఊహించినారు. వారి ముందుచూపు మాకు మిక్కిలి నచ్చినది.

ఇంతకూ నిప్పురవ్వకు ఈ ముహూర్తం ఏమిటి? పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం తుపాకిమందు వలె ఒక్కసారిగా పేలదు; మంట ప్లగ్గు దగ్గర పుట్టి ఆవలి గోడ వరకు ప్రాకవలెను. దానికి కొంత కాలం పడుతుంది. పిస్టన్ శిఖరం దాటి కొద్దిగా క్రిందికి దిగే వేళకు ఒత్తిడి పూర్తి బలంతో దాని నెత్తిన పడవలెనంటే, రవ్వ అది శిఖరం చేరకముందే పుట్టవలెను. జీపు ఇంజనుకు కర్మాగారం వారు చెప్పినది శిఖరానికి 5 డిగ్రీలు ముందు. నిమిషానికి 600 తిరుగుళ్లు తిరిగే ఇంజను సెకనుకు 3600 డిగ్రీలు తిరుగుతుంది. కనుక ఈ 5 డిగ్రీలు సెకనులో 720వ వంతు. వేగం 3000 తిరుగుళ్లకు పెరిగితే అంతే కాలంలో క్రాంక్ 25 డిగ్రీలు తిరిగిపోతుంది. అందువలననే డిస్ట్రిబ్యూటరులో చిన్న బరువులు అమర్చి, వేగంతో పాటు రవ్వను ముందుకు జరిపే ఏర్పాటు చేసినారు. ఆ బరువులు ఎంత చక్కగా పనిచేసినా అవి లెక్క మొదలుపెట్టేది మనం పెట్టిన 5 డిగ్రీల నుండి. ఆ 5 డిగ్రీలు లెక్కించేది సున్న నుండి. సున్న తప్పితే పైనున్న లెక్క అంతా తప్పుతుంది. ఇంజనీరింగు భాషలో ఈ సున్నను టి.డి.సి. అంటారు, షెడ్డు భాషలో ‘టాప్’. మేము శిఖరం అంటున్నది దీనినే.

కాబట్టి వెతకవలసినది ముల్లును కాదు, శిఖరాన్ని. శిఖరం ఇంజను లోపలనే ఉన్నది. దానిని ఎవరూ మార్చలేదు. అది దొరికిన తరువాత ముల్లును మనమే చేసుకొనవచ్చును.

అయితే శిఖరాన్ని కనుక్కోవడం చూచినంత సులువు కాదు. ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవరు దించి, అది పైకి లేచి ఆగిన చోటే శిఖరమని గంటు పెట్టడం చాలాచోట్ల చూస్తాం. ఇందులోని దోషం లెక్క చేసి చూస్తేనే తెలుస్తుంది. జీపు ఇంజనులో పిస్టన్ మొత్తం నడక సుమారు 111 మిల్లీమీటర్లు. అయినా శిఖరానికి 5 డిగ్రీల ఇవతల గాని అవతల గాని పిస్టన్ దిగి ఉండేది పావు మిల్లీమీటరు మాత్రమే. అనగా మొత్తం 10 డిగ్రీల మేర పిస్టన్ దాదాపు కదలనట్లే ఉంటుంది. ఆ పావు మిల్లీమీటరును స్క్రూడ్రైవరు పట్టిన చేయి గుర్తించలేదు. మనకు కావలసినది 5 డిగ్రీల కొలత. మన సాధనం తప్పగలిగినది కూడా 5 డిగ్రీలు! అదే శిఖరానికి 30 డిగ్రీల దూరంలో చూడండి. పిస్టన్ సుమారు 9 మిల్లీమీటర్లు దిగి ఉంటుంది, ఒక్క డిగ్రీ తిరిగితే అర మిల్లీమీటరు కంటె ఎక్కువ కదులుతుంది. శిఖరం దగ్గర మూగగా ఉన్న పిస్టన్ వాలులో స్పష్టంగా మాట్లాడుతుంది.

ఈ చిక్కు మన పెద్దలకు కొత్తది కాదు. మధ్యాహ్నం సరిగా ఎప్పుడు అవుతుంది అనే ప్రశ్నలో వారు దీనినే ఎదుర్కొన్నారు. నేల మీద కర్ర నిలిపి నీడను చూస్తే, మధ్యాహ్నపు వేళ నీడ పొడవు ఎంతకీ మారినట్లు కనబడదు. మిక్కిలి పొట్టిగా ఉన్నది ఏ క్షణమో కన్ను చెప్పలేదు. సూర్య సిద్ధాంతంలో చెప్పిన ఉపాయం ఇది: కర్ర చుట్టూ ఒక వృత్తం గీయవలెను. ఉదయం నీడ కొన వృత్తాన్ని తాకి లోనికి వచ్చే చోట ఒక గుర్తు, సాయంకాలం మరల వృత్తాన్ని తాకి వెలుపలికి పోయే చోట ఒక గుర్తు పెట్టవలెను. ఆ రెంటికీ సరిగా నడుమ నుండి పోయేది ఉత్తర దక్షిణ రేఖ. నీడ ఆ రేఖ మీదికి వచ్చిన క్షణమే మధ్యాహ్నం. ఈ పద్ధతి అరబ్బు పండితులకు చేరి ‘హిందూ దేశపు వృత్తం’ అనే పేరు పొందినది. నీడలపై ప్రత్యేక గ్రంథం రచించిన అల్ బిరూనీ దీనిని చర్చించినాడు. జవాల్ వేళను తెలుసుకొని జొహర్ నమాజుకు సమయం నిర్ణయించే సందర్భంలో మన ఉర్దూ విద్యార్థులు దాయిరా-ఎ-హిందియా అని చదివేది ఈ వృత్తాన్నే. శిఖరాన్ని నేరుగా చూడలేనప్పుడు, దాని ఇరువైపులా సమానమైన రెండు చోట్లను పట్టుకొని నడుమకు రావలెను.

షెడ్డులో ఈ పని ఇట్లు చేస్తారు. ముందుగా బ్యాటరీ తీగె విప్పవలెను. ప్లగ్గులన్నీ తీసివేయవలెను. ప్లగ్గు రంధ్రం పిస్టన్‌కు సూటిగా ఉన్న ఇంజనైతే, పాత ప్లగ్గు పింగాణీ తీసివేసి అందులో మొన గుండ్రంగా రుద్దిన బోల్టు బిగించి అడ్డుగా వాడవచ్చును. ప్రక్క వాల్వుల ఇంజనులలో ఆ రంధ్రం వాల్వుల వైపు ఉంటుంది గనుక ఈ పని సాగకపోవచ్చు. వాటికి హెడ్డు దించి, ఒకటవ సిలిండరు మీద అడ్డంగా ఒక దళసరి ఇనుప పట్టీని బిగించి, దాని నడుమ బోల్టును క్రిందికి దింపడం మేలు. ఎట్లయినను పిస్టన్ శిఖరం చేరకముందే దేనికో తగిలి ఆగవలెను. అంతే కావలసినది.

ఇప్పుడు కవచపు బోల్టుకు తాత్కాలికంగా ఒక తీగె ముల్లు కట్టి, క్రాంక్‌ను చేతితో మెల్లగా త్రిప్పవలెను. స్టార్టరు మోటారును ఎంతమాత్రం వాడరాదు, పిస్టన్ పగులుతుంది. పిస్టన్ అడ్డుకు తగిలి ఆగినప్పుడు ముల్లుకు ఎదురుగా పుల్లీ మీద సుద్దతో ఒక గీత. తరువాత వెనుకకు త్రిప్పుకుంటూ పోతే పిస్టన్ క్రిందికి దిగి, మరల రెండవ వైపు నుండి పైకి వచ్చి అదే అడ్డుకు తగులుతుంది. అక్కడ రెండవ గీత. ఈ రెండు గీతల నడుమనున్న చిన్న చాపాన్ని సరిగా సగం చేస్తే వచ్చే బిందువే సున్న. అడ్డు తీసివేసి ఆ బిందువును ముల్లుకు ఎదురుగా తెస్తే పిస్టన్ శిఖరాన ఉన్నట్లు. బోల్టు ఎంత లోతుకు దింపినామన్నది లెక్కలోకి రాదు. ఇరువైపులా అదే అడ్డు గనుక ఫలితం ఒకటే. అనుమానమున్నవారు బోల్టు లోతు మార్చి మరల చేసి చూడవచ్చును. నడుమ బిందువు కదలదు.

ఇక శాశ్వతమైన ముల్లు. దానిని గట్టి రేకుతో చేసి కవచం మీద కదలని బోల్టుకే బిగించవలెను. డైనమో పట్టీకి బిగిస్తే ఫ్యాన్ బెల్టు బిగించిన ప్రతిసారీ ముల్లు జరుగుతుంది. మొన పుల్లీకి తగలకుండ మిక్కిలి దగ్గరగా ఉండవలెను. ఎడముంటే చూచే కన్ను ప్రక్కకు జరిగిన కొద్దీ గీత కూడా జరిగినట్లు కనబడుతుంది.

తరువాత 5 డిగ్రీల గీత. పుల్లీ అంచు వ్యాసం 150 మిల్లీమీటర్లైతే చుట్టుకొలత సుమారు 471. దానిని 360తో భాగిస్తే డిగ్రీకి 1.31 మిల్లీమీటర్లు, 5 డిగ్రీలకు సుమారు 6.5. వ్యాసం 200 అయితే 5 డిగ్రీలకు 8.7 కావలెను. వేరొక బండి నుండి డిగ్రీల పట్టీ తెచ్చి బిగించేవారు ఇక్కడనే మోసపోతారు. 200 మిల్లీమీటర్ల పుల్లీకి గీసిన పట్టీని 150 పుల్లీ దగ్గర బిగిస్తే, అది 10 అని చూపినప్పుడు ఇంజనులో నిజంగా ఉన్నది 13 డిగ్రీల పైమాట. పట్టీలో అచ్చుపోసిన అంకెలు చూచి ఎవరు శంకిస్తారు?

దిక్కు కూడా ముఖ్యం. ముందు నుండి చూచినప్పుడు ఈ ఇంజనులు గడియారపు ముల్లు తిరిగే వైపే తిరుగుతవి. 5 డిగ్రీల గీత సున్న కంటె ముందుగా ముల్లును చేరవలెను గనుక, పుల్లీ మీద అది సున్నకు గడియారపు దిశలో ముందుండవలెను. తారుమారైతే రవ్వ శిఖరం దాటిన 5 డిగ్రీలకు పుడుతుంది. తేడా 10 డిగ్రీలు. ఆరు సిలిండర్ల ఇంజనులు కొన్నిటిలో పుల్లీ వెలుపలి వలయం రబ్బరు మీద కూర్చుని ఉంటుంది. పాతబడిన రబ్బరు జారితే వలయంతో పాటు గీత కూడా జారుతుంది. అటువంటి పుల్లీ మీద ఎంత చక్కగా గీసినా వృథా.

మరొక మాట. పిస్టన్ శిఖరానికి రెండు తిరుగుళ్లలో రెండుసార్లు వస్తుంది: ఒకసారి మిశ్రమాన్ని నొక్కుతూ, ఒకసారి పొగను వెలుపలికి నెట్టుతూ. పుల్లీ ఈ భేదం చెప్పదు. ఒకటవ ప్లగ్గు రంధ్రాన్ని బొటనవ్రేలితో మూసి త్రిప్పితే, వ్రేలిని గాలి నెట్టివేసే రాకయే మనకు కావలసినది. ఆ తరువాత కాంటాక్టు పాయింట్ల ఎడం సుమారు అర మిల్లీమీటరుకు పెట్టి (ఎడం మారితే టైమింగ్ కూడా మారుతుంది గనుక ఇది ముందే చేయవలెను), 5 డిగ్రీల గీతను ముల్లుకు తెచ్చి, పాయింట్ల తీగెకూ బండి ఇనుముకూ నడుమ చిన్న బల్బు కట్టి, ఇగ్నిషన్ తాళం వేసి, డిస్ట్రిబ్యూటరును మెల్లగా త్రిప్పవలెను. పాయింట్లు విడివడిన క్షణాన బల్బు వెలుగుతుంది. అక్కడనే బిగించవలెను.

చెవితో టైమింగ్ పెట్టే ఉస్తాదులను మేము తక్కువ చేయడం లేదు. డిస్ట్రిబ్యూటరు త్రిప్పుతూ ఇంజను పాట విని, ఎక్కుడులో కొట్టుకుంటున్నదా అని చూచి సరిచేసే వారి నేర్పు గొప్పది. కర్మాగారపు అంకె ఆ నాటి పెట్రోలుకు చెప్పినది. నేటి పెట్రోలుకు ఆక్టేన్ ఎక్కువ, అందులో ఎథనాల్ కూడా కలుపుతున్నారు. కనుక చివరి ఒకటి రెండు డిగ్రీలు చెవే తేల్చవలెను. కాని చెవి తేల్చినది ఎన్ని డిగ్రీలో చెప్పడానికి నమ్మదగిన ముల్లు లేకపోతే, రేపు పాయింట్లు మార్చిన కుర్రవాడు మరల మొదటి నుండి వెతుక్కోవలెను. ఉస్తాదు ఆ రోజు షెడ్డులో లేకపోతే ఏమి చేస్తాడు?

తప్పిన ముల్లు ఎవరిని బాధిస్తుందో కూడా చెప్పవలెను. రవ్వ ఆలస్యమైతే మంట పొగగొట్టం దాకా పోయి వేడి పెరుగుతుంది, బలం తగ్గుతుంది. నిండు బరువుతో లంబసింగి ఎక్కే బండి సగం దారిలో నీరు మరిగించుకొని నిలిచిపోతుంది. రవ్వ మరీ ముందైతే ఇంజను కొట్టుకొని పిస్టన్లు దెబ్బతింటవి. అంతకంటె ముందు దెబ్బతినేది హ్యాండిల్ త్రిప్పేవాని మణికట్టు. మెల్లగా తిరిగే ఇంజనులో రవ్వ వేళకు ముందు పుడితే పిస్టన్ వెనుకకు తన్నుతుంది. హ్యాండిల్ చేతిలోనే ఎదురు తిరుగుతుంది. 1912లో కాడిలాక్ కారుకు కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చేదాకా ప్రపంచమంతటా చేతులు విరిగినవి. బ్యాటరీ నీరసించిన పాత ట్రక్కు దగ్గర నేటికీ హ్యాండిల్ పట్టుకొనేది షెడ్డులో అందరికంటె చిన్నవాడే. బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచి, హ్యాండిల్‌ను క్రింది నుండి పైకి లాగవలెనని వానికి ముందుగా చెప్పవలెను. టైమింగ్ చూడని బండికి హ్యాండిల్ వేయించనే రాదు.

పని ముగిసిన తరువాత సున్న గీతను, 5 డిగ్రీల గీతను సన్నని ఉలితో గంటుపెట్టి తెల్ల రంగు పూయవలెను. బండి పుస్తకంలో పుల్లీ వ్యాసం, ముల్లు బిగించిన బోల్టు, చివరికి నిలిపిన డిగ్రీలు, తేదీ వ్రాసి ఉంచవలెను. ఇంజను నంబరు మారినది గనుక రవాణా కార్యాలయంలో ఆర్.సి.లో ఆ మార్పు నమోదు చేయించడం కూడా ఆ వారంలోనే చూచుకొనవలెను.